స్నానపు గదికి చిన్న సామగ్రి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీకు నిధులను గూర్చియు, తీర్మానములను గూర్చియు పెద్దలు విపులముగా చెప్పియున్నారు. మాకు ఒప్పగించిన విషయము వానితో పోల్చిన చాల చిన్నది. గడియ, మడతబందు, మరమేకు, కుళాయి, జాలీ, చిలకకొయ్య - ఇవియే నేటి మా ప్రసంగ వస్తువులు. ఇంత సభను కూర్చుండబెట్టి గడియను గూర్చి మాట్లాడుదురా అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. తప్పు లేదు. కాని మేము కండ్లార చూచిన ఒక సంగతిని ముందుగా వినుడు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామములో ఉన్నత పాఠశాలయందలి బాలికల స్నానపు గదిని, మరుగుదొడ్డిని పంచాయతీవారు బాగుచేయించిరి. గోడలు పాతవియే యైనను గట్టివి. నేలకును, గోడలకు రొమ్మెత్తు వరకును టైల్సు పరచిరి. పైకప్పు మార్చిరి. వెలుపల గోడపై చక్కని బొమ్మలు వేయించిరి. ప్రారంభోత్సవము కూడ బాగుగనే జరిగినది. మూడు మాసములైన పిదప మేమాదారిన పోవుచు చూడబోతిమి. టైల్సుపై దుమ్ము పేరుకొని యుండెను. నేల తడిసిన జాడయే లేదు. నీరు రాలేదేమోయని కుళాయి త్రిప్పితిమి. నీరు ధారగా వచ్చినది. మరి యెవ్వరును వాడకుండుటకు కారణమేమి? ఉపాధ్యాయుల నడిగినను తెలియలేదు.

మా వెంట వచ్చిన వార్డు సభ్యురాలు ఒక బాలికను ప్రక్కకు పిలిచి మెల్లగా అడిగినది. ఆ పిల్ల చెప్పిన మాట యిది: "గడియ పడట్లేదత్తా. ఒకళ్ళు లోపలికెళ్తే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకోవాలి. పట్టుకునేవాళ్ళు లేనిరోజు నేను పొద్దుట్నించీ నీళ్ళే తాగను."

వేసవి ముదిరిన దినములవి. ఆ పిల్ల ఉదయము బడికి వచ్చి సాయంత్రము ఇంటికి పోవువరకు దప్పిక నోర్చుకొనుచున్నది. నెలలో కొన్ని దినములు బడికే రావడము మానివేసినదని తరువాత తెలిసినది.

తలుపును పరీక్షించితిమి. అది బోలు ప్లాస్టిక్ తలుపు. మూడు బందులు వేయవలసిన చోట రెండే వేసిరి. ఆ బరువునకు తలుపు వ్రేలెడు జారినది. జారుటచే గడియ చట్రములోని రంధ్రమునకు సూటిగా రాక క్రింద తగులుచున్నది. ఆ గడియయైనను పలుచని అల్యూమినియము రేకు. దానిని బిగించిన మరమేకులు అరంగుళమైన లేవు. బోలు తలుపులో వానికి పట్టు దొరకక ఊగులాడుచున్నవి. పని యంతటికిని పంచాయతీ పెట్టిన సొమ్ములో ఈ గడియకును బందులకును అయిన వ్యయము లెక్కలోనికి వచ్చునది కాదు. అంచనా పత్రమును తెప్పించి చూచితిమి. టైల్సు కొలతలు, సిమెంటు బస్తాలు, ఇసుక ఘనపు మీటర్లు అన్నియు వివరముగా వ్రాసియుండెను. చివర ఒక్క పంక్తిలో "తలుపు సామగ్రి, మొత్తము" అని యుండెను. అంతియే. ఎన్ని బందులు, ఏ లోహము, ఎంత పొడవు అను మాట లేదు. ఆ పత్రమును సరిచూచి సంతకము చేసినవారిలో మేమును ఉంటిమి. కావున ఈ దినము మీకు చెప్పబోవునది మా తప్పునుండి మేము నేర్చుకొన్న పాఠమని గ్రహింపుడు.

తలుపుతోనే మొదలిడెదము. స్నానపు గది తలుపునకు మూడు మడతబందులు కావలెను: పైన ఒకటి, క్రింద ఒకటి, నడుమ ఒకటి. నడిమిది అనవసరమని వడ్రంగి చెప్పిన వినకుడు. మరమేకులను సుత్తితో కొట్టి దింపి చివర ఒక్క త్రిప్పు త్రిప్పు అలవాటు మనవైపు విరివిగా నున్నది. అట్లు కొట్టిన మరమేకు కొయ్యలో మరను కోయదు, కొయ్యను చీల్చును. ముందు సన్నని రంధ్రము చేసి, పిదప మరమేకును త్రిప్పి దింపవలెను. పని జరుగుచున్నప్పుడు ఒకరు దగ్గర నిలిచియుండిన చాలును. బోలు తలుపైనచో, బందులును గడియయు వచ్చు చోట లోపల కొయ్యబద్దయో ఇనుప గొట్టమో ఉన్నదా అని కొనునప్పుడే అడుగవలెను. గోటితో తట్టి చూచిన శబ్దమే చెప్పును.

లోహమును గూర్చి కొంత చెప్పక తప్పదు. తడి గదిలో మామూలు ఇనుము త్రుప్పు పట్టును. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి అది మరింత త్వరగా పాడగును. అందుకని అంగడివారు స్టెయిన్‌లెస్ స్టీలు గడియను చూపి, అయస్కాంతమును దగ్గర పెట్టి, "చూడండి, అంటుకోవడం లేదు, అసలైన సరుకు" అందురు. ఈ పరీక్షను నమ్మి మోసపోకుడు. 304 రకపు ఉక్కునకును, దానికన్న చౌకయైన 202 రకపు ఉక్కునకును సామాన్యముగా రెండింటికిని అయస్కాంతము అంటుకొనదు. కాని తేమకును ఉప్పునకును 304 తట్టుకొనునంతగా 202 తట్టుకొనలేదు. కావున రశీదుపై "304" అను అంకెను వ్రాయించుకొనుటయే మార్గము. వ్రాయుటకు అంగడివాడు జంకినచో మీకు జవాబు దొరికినట్లే. బందులు 304 రకపువి కొని మరమేకులు మాత్రము ఇనుపవి వేయుట మరియొక పొరపాటు. బందు నిలుచును, మరమేకు త్రుప్పుపట్టి రాలును.

తలుపు వెలుపలికి తెరచుకొనునట్లు పెట్టుట మేలు. చిన్న గదిలో ఎవరైన కాలుజారి పడినచో, లోపలికి తెరచుకొను తలుపునకు వారి శరీరమే అడ్డమై, పైవారు లోనికి పోలేరు. అంగన్‌వాడీల సంగతి వేరు. అచ్చట పసివారు లోపల గడియ వేసికొని తీయలేక ఏడ్చుట మనమెరుగనిది కాదు. వారి గదికి లోపల గడియ అక్కరలేదు. పెట్టదలచినచో వెలుపలినుండి కూడ తీయుటకు వీలగు రకము పెట్టవలెను.

గడియ ఊడిపోవుటకు మరియొక కారణమున్నది. ఊహించగలరా? చిలకకొయ్య లేకపోవుట! బట్టలు తగిలించుటకు చోటు లేనిచో మనుష్యులు ఏమి చేయుదురు? ఓణీని, తువ్వాలును గడియకు తగిలింతురు. తడిబట్టల బరువు దినదినమును లాగగా మరమేకులు వదులగును. మన పెద్దలు మట్టిగోడలలో సైతము చిలకకొయ్యను మరువలేదు. మెరుగుటైల్సు వచ్చిన తరువాతనే మనము దానిని మరచితిమి. ప్రతి గదిలోను రెండు చిలకకొయ్యలైన ఉండవలెను, బడియందు ఒకటి పిల్లలకు అందునంత ఎత్తున. సబ్బు పెట్టుటకు చిన్న గూడు, దాని అడుగు ముందునకు కొంచెము వాలుగా. బాలికల గదిలో మూత గల చెత్తబుట్ట. వీనికి వేరుగా ఉపన్యాసము అవసరము లేదు.

ఇక కుళాయి. కుళాయి యనుడు, నల్లా యనుడు, పంపనుడు - పేరేదైనను అంగడిలో నేడు ముఖ్యముగా రెండు రకములు దొరకును. ఒకటి పలుమారులు త్రిప్పి మూయునది. దానిలో రబ్బరు వాషరు ఉండును. రెండవది పావు త్రిప్పుతో మూతపడునది; దానిలో పింగాణీ బిళ్ళలు ఉండును. రెండవది చూచుటకు సొగసు, వాడుటకు సులువు, ముసలివారి చేతులకు హాయి. ఇంటి స్నానపు గదికి, శుభ్రమైన నీరు వచ్చుచోట, మేము దానినే చెప్పుదుము. కాని బోరునీటితో సన్నని ఇసుక వచ్చు గ్రామములలో ఆ ఇసుక బిళ్ళల నడుమ చేరి గీతలు పెట్టును. అటుపై ఎంత బిగించినను చుక్కలు ఆగవు. అప్పుడు లోపలి భాగమంతయు మార్చవలెను, దానికి సరియైన జోడు పట్టణములో గాని దొరకదు. వాషరు కుళాయి యైనచో ఊరిలో ఎవరైనను కొద్ది రూపాయలతో పది నిమిషములలో బాగుచేయగలరు. పదిమంది వాడు చోట, బాగుచేయువాడు దూరమున నున్న చోట, పాతరకమే మంచిదని మా అభిప్రాయము. సున్నపు పాలు హెచ్చుగా నున్న గట్టినీరు గల ఊళ్ళలో జల్లుస్నానపు గొట్టములను పెట్టి సొమ్ము వ్యర్థము చేయవద్దు. వాని సన్నని కన్నములు తెల్లని పొరతో మూసికొనిపోవును.

చుక్క చుక్కగా కారు కుళాయిని ఎవరును పట్టించుకొనరు. మీరొక పని చేయుడు. దాని క్రింద ఒక చెంబు పెట్టి గంటసేపైన తరువాత కొలువుడు. గంటకు ఒక లీటరైనచో దినమునకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. 2019వ సంవత్సరమున ఆరంభించిన జలజీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని ప్రమాణముగా పెట్టినది. అనగా ఆ యొక్క కుళాయి ఒక మనిషి వాటాలో నాలుగు పాళ్ళు పదికి మించి త్రాగుచున్నది! ఆరిపోయిన వాషరును మార్చుటకు పైన ట్యాంకు మొత్తమును మూయవలసి వచ్చుటచేతనే జనులు వాయిదా వేయుదురు. ప్రతి కుళాయికి వెనుక చిన్న మూతకుళాయి, దానిని ప్లంబర్లు యాంగిల్ వాల్వు అందురు, పెట్టించినచో ఈ చిక్కు ఉండదు.

కుళాయి ఎత్తును కాగితముపై నిర్ణయింపకుడు. ఊరిలో వాడు బకెట్టును తెచ్చి గోడ దగ్గర పెట్టి, దానిపై జానెడు ఎడముంచి గుర్తు పెట్టింపుడు. బకెట్టు దూరని కుళాయిలను మేము ఎన్నో చూచితిమి. మరుగుదొడ్డిలో కుళాయి కూర్చున్నవారి కుడిప్రక్కన, చెంబు పట్టునంత ఎత్తున ఉండవలెను. ఎడమ ప్రక్కన పెట్టిన మేస్త్రి యెన్నడును దానిని వాడి చూచియుండడు.

నేల మాట. టైల్సు పరచినంత మాత్రమున నీరు పోదు, వాలు ఉండిననే పోవును. మీటరునకు ఒకటి నుండి రెండు సెంటీమీటర్ల వాలు జాలీ వైపునకు ఉండవలెను. రసమట్టము పెట్టి చూచుట మంచిదే. దానికన్న సులువైన పరీక్ష, పని పూర్తియైన నాడు ఒక బకెట్టు నీరు కుమ్మరించి, కొంతసేపు తలుపు మూసి, మరల చూచుట. మూలలో నీరు నిలిచియున్నచో బిల్లు చెల్లింపకుడు. సొమ్ము చేతికి పోయిన పిదప మేస్త్రి తిరిగి రాడు. జాలీ క్రింద నుండు గిన్నెవంటి భాగమును ప్లంబర్లు నహనీ ట్రాప్ అందురు. దానిలో నిలుచు నీరే దుర్వాసనకును బొద్దింకలకును మూత. ఆ నీటిమూత 50 మిల్లీమీటర్ల లోతైన ఉండవలెను. చౌకగా దొరకు పలుచని రకములలో అంత లోతుండదు. బడికి వేసవి సెలవులిచ్చినప్పుడు ఆ నీరు ఆవిరియైపోయి కంపు కొట్టును. లోపమేదియు లేదు, ఒక చెంబు నీరు పోసిన చాలును. నేలకు నునుపైన మెరుగు టైల్సు వద్దు, గరుకువే కావలెను.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసియున్నది. 2014వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛభారత్ మిషన్ మొదలైన తరువాత, ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకముతో మన గ్రామములలో అనేక మరుగుదొడ్లు కట్టబడినవి. వానిలో రెండు గుంతల పద్ధతిని అనుసరించినవి యున్నవి. ఇప్పుడు కొంత సౌకర్యము కలిగినవారు దాని ప్రక్కనే స్నానపు గదిని చేర్చి, రెండింటిని కలిపి కొత్తగా తీర్చిదిద్దుకొనుచున్నారు. సంతోషమే. అయితే ఖర్చు తగ్గునని స్నానపు నీటిని కూడ ఆ గుంతలలోనికే విడుచుచున్నారు. ఆ గుంతలు మలమును, దానిని కడుగు కొద్దిపాటి నీటిని మాత్రమే పీల్చుకొనుటకు ఏర్పడినవి. బకెట్లకొలది నీరు పోయిన గుంత నిండి, నేల నాని, పొంగును. స్నానపు నీటికి వేరుగా ఇంకుడుగుంత త్రవ్వింపవలెను.

అట్లే, వాలెక్కువగా నుండు గ్రామీణపు బేసినునకు 20 మిల్లీమీటర్ల నీటిమూత మాత్రమే ఉండును. రెండు లీటర్ల నీటితో శుభ్రమగును. దానిని తీసి పట్టణపు రకమును పెద్ద నీటితొట్టితో సహా బిగించుటకు ముందు, గుంత ఆ నీటిని భరించునా అని ఆలోచింపవలెను. ముఖ్యముగా నల్లరేగడి నేలలలో నీరు త్వరగా ఇంకదు. సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు గాలిగొట్టము చివర దోమల జాలీ ఉన్నదో లేదో ఒక్కసారి తలయెత్తి చూచిన చాలును. అరచేతి వెడల్పు జాలీ ముక్క చిరిగిపోయినచో దోమలకు ఆ ట్యాంకే పుట్టినిల్లు.

ఒక గ్రామములో ఒక వృద్ధురాలి కొడుకు పట్టణమున సంపాదించిన సొమ్ముతో తల్లికొరకు స్నానపు గదిని అద్దమువలె కట్టించెను. ఆమెను పలుకరింప పోతిమి. ఆమె యన్నది: "నాయనా, గది మెరుస్తుంది గానీ నన్ను నిలబెట్టదు. తువ్వాలు కడ్డీ పట్టుకుని లేవబోయాను, అది ఊడి నా చేతిలోకొచ్చింది." ఆమె తుంటి విరిగి ఆరు మాసములు మంచము పట్టెను. తువ్వాలు తగిలించు కడ్డీ మనిషి బరువును ఆపునది కాదు. అంగడిలో రెండును ఒకే తీరున మెరయుచుండును, ప్రక్క ప్రక్కన వ్రేలాడుచుండును. అందువలననే ఈ ప్రమాదము. పట్టుకడ్డీ సుమారు 40 మిల్లీమీటర్ల లావుండి, పిడికిటి పట్టునకు చాలునట్లు గోడకు 50 మిల్లీమీటర్ల ఎడములో ఉండవలెను. దానిని బిగించు మరలు టైలును దాటి ఇటుకలోనికి లోతుగా పోవలెను. టైలులో మాత్రమే నిలిచిన మర ఒక్క లాగుతో వచ్చివేయును. గోడ సన్ననిదైనచో ఆవలి వైపునకు రంధ్రము చేసి, వెనుక రేకుబిళ్ళ పెట్టి, బోల్టుతో బిగించుట క్షేమము. బిగించిన పిదప ఇద్దరు మగవారు వ్రేలాడినంత పని చేసి చూడవలెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము వచ్చిన తరువాత ప్రజల కట్టడములలో ఇట్టి సదుపాయములు దయచేసి ఇచ్చునవి కావు, చట్టము కోరునవి. పంచాయతీ కార్యాలయపు స్నానపు గదికి చక్రముల కుర్చీ దూరునట్లు ద్వారము 900 మిల్లీమీటర్ల వెడల్పున ఉండవలెను.

ఇవన్నియు తెలిసికొని ప్రయోజనమేమి, మీ తీర్మానములోను అంచనాలోను కనబడకున్న? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పారిశుధ్యమును పంచాయతీల విషయములలో చేర్చినది. 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు సిఫారసు చేసిన పంచాయతీ గ్రాంటులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుధ్యమునకును కేటాయించి, అందు సగము పారిశుధ్యమునకు చేసినది. సొమ్ము ఏ పద్దునుండి వచ్చినను, "తలుపు సామగ్రి, మొత్తము" అను పంక్తిని మీ సభలో అంగీకరింపకుడు. బందులెన్ని, గడియ పొడవెంత, లోహమేది, మరమేకుల పొడవెంత, చిలకకొయ్యలెన్ని అని విడివిడిగా వ్రాయింపుడు. భారతీయ ప్రమాణములలో గడియలకు ఐ.ఎస్. 204, ఉక్కు బందులకు ఐ.ఎస్. 1341, ఇత్తడి వాషరు కుళాయిలకు ఐ.ఎస్. 781 అను సంఖ్యలున్నవి. ఈ మూడంకెలను అంచనాలో చేర్చినచో గుత్తేదారు ఏదో ఒకటి తెచ్చి పెట్టుటకు వీలుండదు. ఐ.ఎస్.ఐ. గుర్తును ఎవరైనను అచ్చు వేయగలరు. గుర్తు క్రింద నుండు లైసెన్సు సంఖ్యను చేతిఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో వ్రాసి చూచిన నిజమైనదో కాదో తెలియును. మీలో యువకులున్నారు, వారికిది క్షణకాలపు పని.

ఇంకొక పద్ధతి మాకు బాగుగ నచ్చినది. పని మొదలు కాకముందే ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క మచ్చును తెప్పించి, సభ్యులందరును చూచి ఒప్పుకొని, చీటికట్టి పంచాయతీ బీరువాలో పెట్టుదురు. బిగించునప్పుడు మచ్చుతో పోల్చుదురు. ఒప్పుకొను సభలో స్త్రీ సభ్యులు తప్పక ఉండవలెను. గడియను గూర్చి మగవారి తీర్పు చాలదని పై సంగతియే చెప్పుచున్నది. పని ముగిసిన తరువాత వాషర్లు, మరమేకులు, టెఫ్లాన్ టేపు, ఒక తిరుగుమర, ఒక పానా ఒక డబ్బాలో పెట్టి, అది ఎవరివద్ద ఉండునో పేరు వ్రాసి గోడకు అంటింపవలెను.

మొదట చెప్పిన పాఠశాలకు మరల పోయి మూడవ బందు వేయించితిమి, తలుపునెత్తి సరిచేయించితిమి, ఆరంగుళముల గడియను లోపలి బద్దలోనికి పట్టునట్లు బిగింపించితిమి, రెండు చిలకకొయ్యలు పెట్టించితిమి. ఒక వడ్రంగికి ఒక పూట పని. మరుసటి వారము ఆ వార్డు సభ్యురాలు ఫోనులో, నేల తడిగా ఉన్నదని మాత్రము చెప్పినది.

వెలుపల వసారాలో బల్లపై ఈ సామగ్రి యంతయు, మంచివియు చెడ్డవియు కలిపి, పరచి యుంచితిమి. వానిపై ధరల చీటీలు లేవు. భోజనమునకు లేచునప్పుడు ఒక్కొక్కటి చేతబట్టి, బరువు చూచి, గడియలను రెండుమూడు మారులు లాగి చూడుడు. ఏది ఏదో మీరే వేరుచేసి ప్రక్కనున్న రెండు పళ్ళెములలో పెట్టుడు; మధ్యాహ్నపు తరగతిని అచ్చటినుండి ప్రారంభించెదము.